పన్ను కట్టినవాడి పేరు అందరికీ తెలుసు, సాయం తీసుకున్నవాడి పేరు ఎవరికి తెలుసు?



పోయిన నెల మన సమావేశంలో జరిగిన చర్చ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైతులకు వచ్చే ప్రభుత్వ సాయం ఎవరెవరికి అందుతోందో ఊళ్ళవారీగా జాబితా తీసి, మన సభ్యులకు తెలుగులో చదివి వినిపిద్దామని యువజన విభాగం వాళ్ళు ప్రతిపాదించారు. అప్పుడు మన పెద్దాయన ఒకరు లేచి, "ఒకరి ఇంట్లోకి వచ్చిన డబ్బు ఇంకొకరికి ఎందుకయ్యా? గోడమీద పేరు పెడితే పరువు తక్కువ కాదా?" అన్నారు. సభలో సగం మంది ఆయన వైపే తలలూపారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికొచ్చి పాత కాగితాలు తిరగేశాక, పెద్దాయన అడిగింది చిన్న ప్రశ్న కాదని అర్థమైంది. దానికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందుకే ఈ పెద్ద పోస్టు. ఓపికగా చదవండి.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను.

కళ్ళకురిచ్చి వైపు ఒక పల్లెలో మా పిన్నమ్మ ఉంటుంది. సెంటు భూమి లేదు. కూలికి పోతుంది. 2020లో కరోనా మూసివేతల్లో పనులు లేనప్పుడు, "కరోనా సాయం వస్తోంది, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఇవ్వండి" అని ఊళ్ళో ఒకడు ఇల్లిల్లూ తిరిగాడు. పిన్నమ్మ ఇచ్చింది. రెండు వేలు పడ్డాయి. అందులో వాడు కమీషను పట్టుకున్నాడు. మళ్ళీ ఇంకో రెండు వేలు పడ్డాయి. ఆ ఏడు ఎండాకాలం దాటాక ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి, "నువ్వు రైతువని చెప్పి డబ్బు తీసుకున్నావు, తిరిగి కట్టు" అన్నారు. తను రైతునని ఎక్కడా చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. బ్యాంకు అకౌంటు ఆపేశారు. నాలుగు వేలు కట్టడానికి చెవికమ్మలు కుదువ పెట్టింది. కమీషను తిన్నవాడు ఆ తర్వాత ఊళ్ళో కనిపించలేదు.

నెలల తరబడి పిన్నమ్మ చుట్టాల ఇళ్ళకు రావడం మానేసింది. "దొంగ రైతు" అని ఎవరో అన్నారట. పెద్దాయన చెప్పిన పరువు సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆమె పరువు పోయింది పేరు గోడమీద పెట్టినందుకా, పెట్టనందుకా? ఈ పోస్టంతా ఆ ప్రశ్నకు జవాబు.

వెనక్కి వెళ్దాం.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాన్ చేతి నుంచి బారామహల్ ప్రాంతం కంపెనీ చేతికి వచ్చింది. అంటే ఇవాళ్టి కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు చుట్టుపక్కల. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో కలిసి ఊరూరా భూమి కొలిపించి, ఏ చెక్క ఎవరి సాగులో ఉందో రాయించి, ఆ రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత రైత్వారీ అని పేరు పడిన పద్ధతికి పునాది అక్కడే పడింది. 1800 తర్వాత మన్రో దత్తమండలాల కలెక్టరుగా వెళ్ళి, బళ్ళారి, కడప, అనంతపురం వైపు కూడా ఇదే పని చేశాడు. హోసూరు నుంచి బళ్ళారి దాకా ఉన్న మన తాతముత్తాతల పేర్లు సర్కారు కాగితం మీదికి ఒక్కొక్కటిగా ఎక్కింది ఆ కాలంలోనే.

ఎందుకు ఎక్కాయి? శిస్తు వసూలు కోసం. పట్టా, చిట్టా, అడంగల్ అనే మాటలు మనకూ తమిళులకూ ఉమ్మడి మాటలు. కర్ణాటకలో పహణీ అంటారు, మహారాష్ట్రలో సాత్‌బారా అంటారు. పేరేదైనా పని ఒకటే: ఈ చేను ఎవరిది, ఏం పండింది, సర్కారుకు ఎంత రావాలి. ఏటా ఫసలీ లెక్కలు ముగిసేటప్పుడు జమాబందీ జరిగేది. కరణం లెక్కల మూట కట్టుకుని తాలూకా కచేరీకి వెళ్ళేవాడు. అధికారి ఊళ్ళవారీగా లెక్క చూసేవాడు. తమిళనాడులో ఈ జమాబందీ ఇవాళ్టికీ ప్రతి ఏడూ జరుగుతోంది, మనలో చాలామంది పట్టా మార్పు అర్జీలు పట్టుకుని వెళ్తూనే ఉన్నాం.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. శిస్తు బాకీ పడ్డవాడి పేరు రహస్యంగా ఉండేది కాదు. టముకు వేసి చెప్పేవారు. జప్తు చేస్తే గొడ్డూ గోదా అందరి ముందే వేలం వేసేవారు. 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చి సర్కారు వాటి కింద తకావీ అప్పులు ఇచ్చినప్పుడు కూడా, అప్పు తిరిగి కట్టనివాడి మీద శిస్తు బాకీ వసూలు చేసినట్టే వసూలు చేసేవారు. రైతు సర్కారుకు బాకీ ఉన్నన్నాళ్ళూ అతని పరువు గురించి ఎవరూ ఆలోచించలేదు. సర్కారు రైతుకు ఇచ్చే రోజులు వచ్చాకనే "ఒకరి డబ్బు సంగతి ఇంకొకరికి ఎందుకు" అన్న మాట పుట్టింది.

కరణాలు పోయారు. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పద్ధతి రద్దయింది. కరణాలు చేసిన అన్యాయాలు మన పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు, వాటిని నేను కాదనను. కానీ ఆయన తప్పు రాస్తే ఎవరిని అడగాలో ఊరికి తెలిసేది. ఆయన ఇల్లు ఊళ్ళోనే ఉండేది. తర్వాత లెక్క కంప్యూటరుకు ఎక్కింది. కర్ణాటకలో భూమి పథకం కింద 2000 నుంచి పహణీలు కంప్యూటరు నుంచే ఇవ్వడం మొదలైంది. కాగితం త్వరగా వచ్చింది, లంచం కొంత తగ్గింది. కాకపోతే తప్పు రాసిన చెయ్యి ఎవరిదో ఊరికి కనిపించకుండా పోయింది.

ఇప్పుడు సాయం సంగతికి వద్దాం.

2008లో కేంద్రం పెద్ద ఎత్తున రైతు రుణమాఫీ చేసింది. సుమారు 3.69 కోట్ల మంది చిన్న, సన్నకారు రైతులకు, మరో 60 లక్షల మంది ఇతర రైతులకు కలిపి దాదాపు 52,500 కోట్ల రూపాయల మేలు జరిగిందని లెక్క. ఆ పథకంలోనే ఒక మంచి నియమం ఉంది: మాఫీకి అర్హులైన వాళ్ళ జాబితాను బ్యాంకు బ్రాంచి నోటీసు బోర్డులో పెట్టాలి. ఐదేళ్ళ తర్వాత 2013 మార్చిలో కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. 25 రాష్ట్రాల్లో 90,576 అకౌంట్లు పరిశీలిస్తే 22.32 శాతం వాటిలో ఏదో ఒక పొరపాటు కనిపించింది. అర్హత లేనివాళ్ళకు మాఫీ అందింది. ఇంకా బాధాకరమైన సంగతి, మాఫీ అందని 9,334 అకౌంట్లు చూస్తే వాటిలో 1,257 మంది నిజంగా అర్హులు. అంటే వందలో 13 మందికి పైగా, రావలసింది రాక, అప్పు నెత్తిన పెట్టుకుని తిరిగారు.

జాబితా అంటే దొంగలను పట్టుకోవడానికే అని మనం అనుకుంటాం. ఈ 1,257 మందిని తలచుకోండి. ఎవరికి వచ్చిందో తెలిస్తేనే కదా, నాకెందుకు రాలేదని అడగగలిగేది! పక్కవాడికీ నాకూ ఒకే బ్యాంకు, ఒకే అప్పు, ఒకే రెండెకరాలు. వాడి పేరు ఉంది, నా పేరు లేదు. ఆ తేడా కళ్ళబడితేనే అర్జీ పుడుతుంది. జాబితా లేకపోతే మొట్టమొదట నష్టపోయేది అర్హుడే.

ఈ మాట మనకంటే ముందు రాజస్థాన్ పల్లెల వాళ్ళు చెప్పారు. అక్కడ 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివాళ్ళు కూలీలతో, చిన్న రైతులతో కలిసి పనిచేశారు. కరువు పనుల్లో కూలి సరిగ్గా ఇవ్వడం లేదని మస్టర్ రోళ్ళు చూపించమన్నారు. "అది ప్రభుత్వ రహస్యం" అన్నారు అధికారులు. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సునవాయి పెట్టారు. ఊరందరి ముందు రికార్డులో ఉన్నవి చదివారు. పనికి రానివాళ్ళ పేర్ల మీద కూలి రాసుకున్న సంగతి అక్కడే బయటపడింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బు, మా లెక్క అన్నది వాళ్ళ నినాదం. అక్కడ ఎవరూ పరువు పోయిందని ఏడవలేదు, దొంగ లెక్క రాసినవాళ్ళు తప్ప.

సమాచార హక్కుకు రాష్ట్ర స్థాయిలో మొదట చట్టం చేసింది మన తమిళనాడే, 1997లో. మినహాయింపులు ఎక్కువ కావడంతో అది పెద్దగా ఉపయోగపడలేదు. తర్వాత కర్ణాటక, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలు చేశాయి. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది, ఆ ఏడు అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలైంది.

ఆ చట్టం అనగానే పది రూపాయలు కట్టి అర్జీ పెట్టడమే మనకు గుర్తొస్తుంది. అసలు బలం నాలుగో సెక్షన్‌లో ఉంది. ఎవరూ అడగకుండానే ప్రభుత్వం తనంత తాను బయటపెట్టాల్సిన సంగతుల జాబితా అది. అందులో సబ్సిడీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత డబ్బు కేటాయించారు, లబ్ధిదారుల వివరాలేమిటి అన్నవి స్పష్టంగా ఉన్నాయి. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, మనలాంటి వాళ్ళు కళ్ళకద్దుకోవాల్సిన మాట: ఈ సమాచారాన్ని స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని అందించాలి. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అన్నీ పేరుపేరునా చెప్పారు. ఇంటర్నెట్‌లో పెట్టేశాం, ఇక అయిపోయింది అనడానికి ఆ చట్టంలో చోటు లేదు.

ఇక మా పిన్నమ్మను ముంచిన పథకం దగ్గరికి వద్దాం.

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధిని 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో, నేరుగా అకౌంటులోకి. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్ళకే అన్నారు, కొద్ది నెలలకే ఆ హద్దు తీసేశారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు, ప్రభుత్వ ఉద్యోగుల్లో కింది తరగతి వాళ్ళు కాక మిగిలినవాళ్ళు, డాక్టర్లు, లాయర్ల వంటి వృత్తుల వాళ్ళు అర్హులు కారు. ఈ పథకం మార్గదర్శకాల్లో కూడా అర్హుల జాబితాను గ్రామ స్థాయిలో ప్రకటించాలనీ, పేరు లేని అర్హులకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ రాసి ఉంది.

2020 ఆగస్టులో తమిళనాడులో కుంభకోణం బయటపడింది. కళ్ళకురిచ్చి, విళుపురం, కడలూరు సహా పలు జిల్లాల్లో అధికారుల లాగిన్, పాస్‌వర్డ్‌లు వాడి, భూమి లేనివాళ్ళను రైతులుగా నమోదు చేశారు. తనిఖీలో ఐదు లక్షలకు పైగా అనర్హులు తేలారు. అప్పట్లో రాష్ట్ర అధికారులు చెప్పిన లెక్క సుమారు 110 కోట్లు. కాంట్రాక్టు ఉద్యోగులను తీసేశారు, కొందరిని సస్పెండ్ చేశారు, సీబీసీఐడీ కేసులు పెట్టింది. అకౌంట్ల నుంచి డబ్బు వెనక్కి రాబట్టడం మొదలైంది.

ఒక్కసారి ఆలోచించండి. ఐదు లక్షల మంది! ఒక ఊళ్ళో భూమి ఉన్నదెవరికో, లేనిదెవరికో ఆ ఊళ్ళో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఈ పేర్లు రహస్యంగానూ లేవు. ఊరివారీ లబ్ధిదారుల జాబితా ఆ పథకం పోర్టల్‌లో అందరికీ కనబడేలా ఉంది. చూసిన దిక్కు లేదు. ఎందుకంటే జాబితా ఉన్నచోట ఊరు లేదు, ఊరు ఉన్నచోట జాబితా లేదు. అదే పేర్లు 2020 మే నెలలో మా పిన్నమ్మ ఊరి పంచాయతీ గోడమీద పెట్టి ఉంటే, మొదటి రోజే ఎవరో ఒకరు, "ఏమమ్మా, నీకు చేను ఎప్పుడొచ్చింది?" అని నవ్వుతూ అడిగేవారు. ఆమె, "చేనేంటి, అది కరోనా డబ్బు కదా!" అనేది. అక్కడితో గుట్టు బయటపడేది. రెండు వేల దగ్గరే ఆగేది. చెవికమ్మలు చెవులకే ఉండేవి. గోడమీద పేరు వల్ల పోయే పరువుకంటే, గోడమీద లేనందువల్ల పోయిన పరువే ఎక్కువ.

పేదవాళ్ళే ఇలా చేశారనుకుంటే అదీ పొరపాటే. సమాచార హక్కు కింద ఒక కార్యకర్త అడిగితే కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఇదే పథకంలో 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు అందాయి. వాళ్ళలో సగం మందికి పైగా, 55.58 శాతం, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు. ఎక్కువ మంది అనర్హులు తేలిన మొదటి మూడు రాష్ట్రాల్లో పంజాబ్, అస్సాంతో పాటు మహారాష్ట్ర కూడా ఉంది. కూలి పిన్నమ్మ పేరు ఊరంతా తెలిసింది. పన్ను కట్టే ఆసామి పేరు ఏ ఊళ్ళోనైనా వినిపించిందా?

మంచి పద్ధతులు లేవని కాదు. ఒడిశాలో మనవాళ్ళకు ఇది తెలుసు. 2018 చివర్లో కాలియా పథకం ప్రకటించినప్పుడు ముసాయిదా జాబితాలను గ్రామ పంచాయతీల్లో పెట్టి, పేరు రానివాళ్ళకు ఆకుపచ్చ ఫారం, అనర్హుల పేరు చెప్పడానికి ఎర్ర ఫారం పెట్టారు. చదువు రానివాడికి కూడా రంగు తెలుస్తుంది. తర్వాత అక్కడా అనర్హులు బయటపడ్డారు, అయినా అడిగే దారి ఒకటి మొదటి రోజే తెరిచి పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలుపెట్టి, 2009లో దానికోసమే ఒక సొసైటీ ఏర్పాటు చేశారు. ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగి రికార్డును సరిచూసి, గ్రామసభలో పేరు, పని దినాలు, డబ్బు పైకి చదివేవారు. ఉన్నవాళ్ళు ఉన్నామన్నారు, లేనివాళ్ళు లేమన్నారు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నలో న్యాయమైన సగం గురించి చెప్పాలి. చిన్న రైతు వివరాలు ఊరేగించడం కూడా తప్పే. దీనిమీద యూరప్‌లో పెద్ద తగాదా నడిచింది.

అక్కడ ఆ రోజుల్లో యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌లో సుమారు 40 శాతం వ్యవసాయ విధానానికే పోయేది. అది ఎవరికి పోతోందో ఏళ్ళ తరబడి చెప్పలేదు. 2004లో డెన్మార్క్ పేర్లు బయటపెట్టింది. 2005లో బ్రిటన్ పెడితే, జాబితాలో రాజకుటుంబం ఎస్టేటు, పెద్ద జమీందార్లు, చక్కెర కంపెనీలు కనిపించాయి. చిన్న రైతు పేరు చెప్పి తీసుకున్న పన్ను డబ్బు ఎటు పోతోందో జనానికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత యూనియన్ అన్ని దేశాల్లోనూ పేర్లు ప్రచురించాలని నియమం పెట్టింది. దానిమీద జర్మనీలోని హెస్సె రాష్ట్రం నుంచి ఒక వ్యవసాయ సంస్థ, ఒక రైతు కోర్టుకు వెళ్ళారు. 2010 నవంబరు 9న యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఎంత తీసుకున్నాడు, ఎన్నాళ్ళు తీసుకున్నాడు అన్న తేడా చూడకుండా ప్రతి వ్యక్తి పేరునూ ప్రచురించడం హద్దు మీరడమే, వ్యక్తుల వరకు ఆ నియమం చెల్లదు.

కథ అక్కడితో ఆగిపోలేదు. 2013లో కొత్త నియమం తెచ్చారు. పేర్లు మళ్ళీ ప్రచురించడం మొదలైంది. ఏడాదికి 1,250 యూరోల లోపు తీసుకునే చిన్న రైతులకు మాత్రం పేరు బదులు ఒక కోడ్ పెట్టారు. అంటే చిన్నవాడికి తెర, పెద్దవాడికి వెలుగు. న్యాయస్థానం తలుపు పూర్తిగా మూయమనలేదు, తూచి తెరవమంది.

మన దేశంలో ఇప్పుడు ఆ తూకం చెడిపోయే ప్రమాదం వచ్చింది. సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షన్ కింద వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవడానికి ఒక మినహాయింపు ముందునుంచీ ఉంది. అయితే ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదై ఉండాలి, లేదా అనవసరంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడేదై ఉండాలి అని షరతులుండేవి. పార్లమెంటుకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికి కూడా కాదనకూడదు అనే మాట ఉండేది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నీ తీసేసి, "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాట మిగిల్చింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇక మీద ఏ గుమాస్తా అయినా, "పేరంటే వ్యక్తిగత సమాచారమే కదా" అని అర్జీని తిప్పి పంపవచ్చు.

కానీ రెండు సంగతులు మరవకండి. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు తనంత తాను బయటపెట్టాలన్న నాలుగో సెక్షన్ అలాగే ఉంది. హానికంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే ఎనిమిదో సెక్షన్ రెండో ఉపవిభాగం కూడా ఉంది. మనం అడగడం మానేస్తే ఇవి రెండూ కాగితం మీదే ఎండిపోతాయి.

మరి మన సంఘం పక్షాన ఏమడగాలి? నా అభిప్రాయం ఇది.

జాబితాలో పేరు, ఊరు, పథకం, భూమి విస్తీర్ణం, వచ్చిన డబ్బు ఉండాలి. ఆధార్ నంబరు, బ్యాంకు అకౌంటు, ఫోను నంబరు ఉండకూడదు. వాటితో ఊరికి పని లేదు, మోసగాడికే పని. ఇంకొకటి, ఇది పిన్నమ్మ నేర్పిన పాఠం: ఆ పేరును నమోదు చేసిందెవరు, ఆమోదించిందెవరు అన్నది కూడా అదే గోడమీద ఉండాలి. తీసుకున్న చెయ్యి మాత్రమే కనబడి, ఇచ్చిన చెయ్యి దాక్కుంటే అది సగం లెక్కే. కరణం రాతను ఊరు ఎందుకు నిలదీయగలిగిందో ముందే చెప్పుకున్నాం కదా.

భాష సంగతి మన సంఘానికి మరీ దగ్గరిది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత మన పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు, మంచిదే. కానీ హోసూరు పల్లెల్లో పొలం పట్టా ఉన్నది తాత పేరు మీద. ఆయనకు వచ్చింది తెలుగు అక్షరాలే. మనవడు తమిళం చదవగలడు, కానీ ఏ సర్వే నంబరు ఎవరిదో వాడికి తెలియదు. ఇద్దరూ కలిసి నిలబడితే తప్ప ఒక్క జాబితా అర్థం కాదు. రాయచూరు, బళ్ళారిలో కన్నడంతో, రాయగడ, గజపతిలో ఒడియాతో ఇదే కథ. యానాం వాళ్ళు అదృష్టవంతులు, 1965 భాషా చట్టం ప్రకారం అక్కడ తెలుగు చెల్లుతుంది. మిగిలిన మనకూ దారి లేకపోలేదు. ఒక జిల్లాలోగానీ తాలూకాలోగానీ 15 శాతానికి పైగా మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు జాతీయ స్థాయిలో ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి. మన బాధ ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసి ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. అర్జీ తెలుగులో రాసినా అది అర్జీయే.

మనం చేయగలిగింది పెద్ద కష్టం కాదు. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభ జరుగుతుంది. దానికి వారం ముందు మన యువకులు తమ ఊరి జాబితాను పోర్టల్‌లోంచి తీసి, తెలుగులో రాసుకుని, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని సరిచూడాలి. ఎవరి పేరు రాలేదో చూడడం మొదటి పని. ఎవరి పేరు రాకూడదో చూడడం రెండో పని. ఈ వరుస తప్పకూడదు. మన సంఘం పోలీసు స్టేషను కాదు. పేరు రాని ముసలమ్మకు అర్జీ రాసిపెట్టడం మన పని. తెలియక ఇరుక్కున్నవాళ్ళకు చెవిలో చెప్పి, సరిచేసుకునే దారి చూపించడం మన పని. తెలిసి తింటున్నవాళ్ళ సంగతి గ్రామసభ చూసుకుంటుంది. కౌలు రైతుల పేర్లు కూడా విడిగా రాసుకోండి. భూమి యజమానికే సాయం ఇచ్చే పథకాల్లో దున్నేవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. కనీసం మన పుస్తకంలోనైనా ఉండనివ్వండి.

పెద్దాయనకు చివరి మాట. అయ్యా, మీరు పరువు గురించి అడిగారు. సర్కారుకు శిస్తు కట్టిన రోజుల్లో మన పేరు టముకు వేసి చెప్పారు. ఇవాళ మనందరి పన్ను డబ్బులోంచి మనకు హక్కుగా వచ్చే సాయం దగ్గర మాత్రం పేరు దాచుకోవాలా? అర్హతతో తీసుకున్న డబ్బు భిక్షం కాదు, దాన్ని చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. మా పిన్నమ్మ ఈ సంక్రాంతికి మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఈ ప్రతిపాదన సంగతి చెప్తే, "అప్పుడే ఎవరైనా చదివి వినిపించి ఉంటే బాగుండేది నాయనా" అంది. వచ్చే సమావేశంలో ఈ విషయం మళ్ళీ చర్చకు వస్తుంది. మీ ఊరి జాబితా చూసుకుని రండి.

మీ సంఘ సభ్యుడు, హోసూరు